తాడుకి అవతలి కొస

కార్టూన్లు గీసి బతుకుదామనుకునే పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. మీకు బాగా పేరు తెచ్చిన బొమ్మ ఏదండీ అని అడుగుతారు. పేరు తెచ్చినవాటి గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది? మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నారు, మర్నాడు ఆ కాగితంలోనే మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నారు. నేను చెప్పదలచుకున్నది వేరే బొమ్మ సంగతి. అదీ అచ్చయింది, దాన్నీ మెచ్చుకున్నారు. నేనెవరి మీద గీశానో వాళ్లే అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నారు. జిరాక్సులు తీయించి పంచుకున్నారు. కార్టూనిస్టుకి అంతకుమించిన శిక్ష ఈ లోకంలో లేదు.

మాది తెనాలి. మా నాన్నది బజారులో కిరాణా కొట్టు. అటుపక్క బట్టల కొట్టు, ఇటుపక్క స్టీలు సామాన్ల కొట్టు, ఎదురుగా బెల్లం కొట్టు. నాకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చింది. కొనేవాడు గెలిచాననుకుంటూ మెట్లు దిగాలన్నది మా నాన్న సూత్రం. అందుకని తగ్గించడానికే కొంత కలిపి చెప్పాలి. పత్రికలో చేరాక నేను ఇదే సూత్రాన్ని బొమ్మల్లోకి తెచ్చుకున్నాను. కడుతున్న ఇంటికి దిష్టిబొమ్మ కడతారు చూడండి, పాడుకన్ను దాని మీద పడి ఇల్లు క్షేమంగా ఉంటుందని. నా ప్రతి కార్టూన్‌లోనూ అలాంటి దిష్టిబొమ్మ ఒకటి ఉండేది. ఏ పెద్దమనిషి బొజ్జనో, ఏ నాయకుడి కండువానో కావాలనే కొట్టొచ్చినట్టు గీసేవాణ్ని. పైవాళ్ల కన్ను దాని మీద పడేది. తీసెయ్యమనేవాళ్లు. నేను కాసేపు బాధపడి, గొణిగి, చివరికి తీసేసేవాణ్ని. అసలు చెప్పదలచుకున్నది ఓ మూలన భద్రంగా మిగిలిపోయేది. ముప్పై ఏళ్లు ఈ కిటుకుతోనే నెట్టుకొచ్చాను. నా అంత తెలివైనవాడు ఆఫీసులో లేడనుకునేవాణ్ని.

నేను రిటైరవడానికి మూడు నెలలుందనగా ఎక్కడో నల్ల సముద్రం పక్కన యుద్ధం మొదలైంది. పొద్దుతిరుగుడు నూనె అటునుంచి వస్తుందని అప్పటిదాకా మా వీధిలో ఎవరికీ తెలియదు. రెండు రోజుల్లో చిన్నపిల్లలకి కూడా తెలిసింది. నూనె ప్యాకెట్టుకి ఉదయం ఒక ధర, సాయంత్రం ఒక ధర. ఇదేంటయ్యా అంటే, "యుద్ధమండీ." సరే, నూనెకి యుద్ధం. పప్పుకో? "యుద్ధమండీ." సబ్బుకి? అదీ యుద్ధమే. చివరికి కొలకలూరు నుంచి సైకిలు మీద వచ్చే వంకాయలకి కూడా యుద్ధం తగిలింది.

కొట్టువాళ్లింట్లో పుట్టినవాణ్ని, ధర పెరగడం నాకు వింత కాదు. నాకు మండింది వేరే మాటకి. ఆ రోజుల్లోనే మా ప్రాంతపు నాయకుడొకాయన మైకు పట్టుకుని, "ఇది యుద్ధకాలం. కూలీలూ చిరుద్యోగులూ ఇప్పుడు పెంచమని అడగడం భావ్యం కాదు. అందరం సంయమనం పాటించాలి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఎవరు కొట్టారు? ముందు వరసలో కూర్చున్న వర్తకులు. ధర పరిగెత్తొచ్చు, దానికి సంయమనం అక్కర్లేదు. కూలి మాత్రం కాళ్లు ముడుచుకుని మూలన కూర్చోవాలి. ఇంతకీ ఆ యుద్ధం చేసేది మనం కాదు.

నాకు బొమ్మలు నేర్పిన ముసలాయన ఒక మాట అనేవాడు. ఆయన కుర్రతనంలో ప్రపంచయుద్ధం చూశాడు, రేషను క్యూలు చూశాడు. "ఒరేయ్, యుద్ధం అనగానే జీతాలకి గొళ్లెం పెడతారు, ధరలకి తలుపులు తీస్తారు. నువ్వు ఫిరంగులు గియ్యకు. గొళ్లెం పెడుతున్న చెయ్యి ఎవరిదో చూసి, ఆ చెయ్యి గియ్యి" అనేవాడు. ఆ చెయ్యి వెతుక్కుంటూ నేను రేపల్లె రైలెక్కాను.

రైలు అక్కడితో ఆగిపోతుంది కాబట్టి దిగడం మర్చిపోతామన్న భయం లేదు. స్టేషనుకి కాస్త దూరంలో నూనె గోడౌన్లు. లారీ వస్తే టిన్నులు దింపేది, కొట్లకి ఎక్కించేది ఒక ముఠా. ఇరవైమంది హమాలీలు, వాళ్లకొక మేస్త్రీ. మేస్త్రీ నా వయసువాడే. కుడిభుజం మీద చర్మం మోకాలి చిప్పలా గట్టిపడిపోయి ఉంది. టిన్నుకింత, బస్తాకింత అని వర్తకుల సంఘంతో వాళ్లకి ఒప్పందం ఉంటుంది. మూడేళ్లకోసారి మారుస్తారు. ఒకసారి సంతకాలయ్యాయంటే మళ్లీ మూడేళ్లదాకా నోరెత్తకూడదు. ఆ మూడేళ్లూ సరిగ్గా అప్పుడే అయిపోయాయి.

"ఏమంటున్నారు మేస్త్రీ, షావుకార్లు?" అన్నాను.

"ఏమంటారండి. యుద్ధం కదా, పాత రేటుకే సంతకం పెట్టండి అంటన్నారు. మళ్లీ మూడేళ్లు."

"నువ్వేమన్నావు?"

మేస్త్రీ గోడౌన్ లోపలికి చెయ్యి చూపించాడు. కప్పుదాకా టిన్నులు పేర్చి ఉన్నాయి. "అయ్యి మేమే దింపామండి, క్రిస్మస్ అయిన వారానికి. అప్పటికి యుద్ధమూ లేదు, ఏమీ లేదు. అప్పటినించీ కదలకుండా ఆడే ఉన్నాయి. తలుపేసిన గోడౌన్లో ఉన్న టిన్నుకి యుద్ధం వచ్చినట్టు ఎట్టా తెలిసిందండి? దానికి తెలిసి రేటు పెంచుకుంది. బయట ఎండలో ఉన్న మాకు మటుకు తెలీకూడదంట."

నేను పుస్తకంలో రాసుకున్నాను. అంత మంచి మాట నాకెందుకు తట్టలేదా అని కొంచెం అసూయ కూడా పడ్డాను.

వచ్చేస్తుంటే రోడ్డుదాకా వచ్చి నెమ్మదిగా అన్నాడు. "సార్, కుర్రాళ్లకి ఇంకా శానా మూడేళ్లున్నాయండి. నాకు ఇదే ఆఖరు. ఈ భుజం ఆపైన రాదు. బొమ్మ కాస్త గట్టిగా గియ్యండి."

గట్టిగానే గీశాను. మీరు కళ్లు మూసుకుని ఊహించుకోండి. మధ్యలో పైన దూలానికి ఒక గిలక. గిలక మీదుగా ఒక తాడు. తాడు ఎడమ కొసకి నూనె టిన్ను, దాని మీద ‘ధర’ అని రాసి ఉంది. గాల్లోకి లేచిపోతోంది. కింద హమాలీ, మడమలెత్తి, రెండు చేతులూ పైకి చాచి దాన్ని అందుకోబోతున్నాడు, అందడం లేదు. కుడివైపు సగం మూసిన గోడౌన్ షట్టరు, దాని కిందనుంచి బయటికొచ్చిన ఒక చెయ్యి తాడు రెండో కొస పట్టుకుని లాగుతోంది. రెండు వేళ్లకి రెండు లావుపాటి ఉంగరాలు. అసలు బొమ్మంతా ఆ చెయ్యే. ఇక దిష్టిబొమ్మ సంగతి. ఎడమ పక్కన కండువా, బొజ్జతో నాయకుణ్ని నిలబెట్టి, హమాలీకి వేలు చూపించి, "యుద్ధం కదా, ఓర్చుకో!" అనిపించాను. బొజ్జ మీద నేను పడ్డ కష్టం ఆ చేతి మీద కూడా పడలేదు. ఎలాగూ కోసేస్తారు కదా అని ధైర్యంగా గీశాను.

సాయంత్రం మా పత్రిక ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. చెడ్డవాడు కాడు. యాడ్ల టార్గెట్ ఉన్నవాడు.

"బొమ్మ అదిరింది గురువుగారూ. నాయకుడుగారిని ఉండనివ్వండి."

నా లెక్క తప్పింది. "ఉండనివ్వమంటారా? బొజ్జ మరీ ఎక్కువైందేమో!"

"అబ్బే, ఆయనకి పేపర్లో కనపడితే చాలండి, బొజ్జదేముంది. ఆ కుడిపక్క చెయ్యి ఉంది చూడండి, అది తీసేద్దాం."

"ఏ చెయ్యి?"

"ఉంగరాల చెయ్యి గురువుగారూ. ఉగాదికి వర్తకుల సంఘం వాళ్లది ఫుల్ పేజీ యాడ్ వస్తోంది. ప్రెసిడెంటుగారి ఉంగరాలు ఊరందరికీ తెలుసు."

"ఉంగరాలు తీసేస్తాను. చెయ్యి ఉంచుదాం."

"చెయ్యే వద్దండి."

"మణికట్టు దాకా?"

"ఇదేమన్నా మటన్ కొట్టా గురువుగారూ?"

"పోనీ వేళ్లు. నాలుగు వేళ్లు చాలు, ఎవరివో తెలియదు."

"వద్దండి. షట్టరు కూడా వద్దు. కుడిపక్క మొత్తం కత్తిరించేస్తాను. స్థలం కూడా కలిసొస్తుంది."

"పోనీ తాడు?"

అవతల నవ్వు వినిపించింది. "తాడుకేముందండీ, ఉంచుకోండి. తాడుకి ఎవరూ యాడ్ ఇవ్వలేదుగా."

ఫోన్ పెట్టేశాక నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు. తాడు దక్కించుకున్నానని సంతోషించాను. బేరం మొత్తం పోయి చేతిలో కొసరు మిగిలినవాడి సంతోషం అది. అసలు ఆ బొమ్మే వెయ్యొద్దు అని ఒక్క మాట అనొచ్చు. ఆ మాట నాకు తట్టలేదు. తట్టినా నోటికి వచ్చేది కాదు. బేరగాడికి ధర తగ్గించడం తెలుసు, పెంచడం తెలుసు, సరుకు అమ్మనని తలుపు మూసెయ్యడం మాత్రం చేతకాదు.

పొద్దున టీ కొట్టు దగ్గర పేపరు చూశాను. ఒక్క చెయ్యి పోతే బొమ్మ ఎంత మారుతుందో ముప్పై ఏళ్ల అనుభవమున్న నేను ముందుగా చూసుకోలేదు. టిన్నుని లాగేవాడు పోయాడు. మిగిలింది దాని కింద చేతులెత్తిన హమాలీ. ఇప్పుడు వాడు టిన్నుని అందుకోవడం లేదు, వాడే పైకి తోస్తున్నట్టున్నాడు. పక్కన నాయకుడు వేలు చూపించి వాడికి బుద్ధి చెబుతున్నాడు. అది చాలదన్నట్టు పైన డెస్కువాళ్లు పెట్టిన శీర్షిక: ‘కూలి పెంచితే ధర పెరగదా?’ కింద నా సంతకం, వంకర లేకుండా.

తొమ్మిదింటికి నాయకుడి మనిషి ఫోన్ చేశాడు. ఒరిజినల్ కావాలట, సారు ఫ్రేము కట్టించుకుంటారట. పదింటికి మేస్త్రీ చేశాడు.

"సార్, మా కుర్రాళ్లు అడుగుతున్నారండి. అది మనల్నేనా గీసింది అని."

నేను చాలాసేపు మాట్లాడాను. ఏం మాట్లాడానో నాకే అర్థం కాలేదు. మేస్త్రీ అంతా విని, "ఎల్లుండి బాపట్లలో చర్చలండి. వీలైతే రండి" అన్నాడు.

వెళ్లాను. సంఘం వాళ్లదే హాలు. పొడుగాటి బల్ల. ఒకవైపు వర్తకులు, ఇంకోవైపు మేస్త్రీ, ముఠా మనుషులు ముగ్గురు. మధ్యలో లేబరు ఆఫీసరమ్మ. మేస్త్రీ ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకొచ్చాడు. నేను వెనకాల గోడకానుకున్న కుర్చీలో కూర్చున్నాను. ప్రెసిడెంటు నన్ను చూసి ఎంత ఆప్యాయంగా నవ్వాడని! "రండి రండి, ముందుకి రండి. మీరు మా పని సగం తేలిక చేశారు" అన్నాడు. కాఫీ తెప్పించాడు. తాగాను. ఆ కాఫీ సంగతి కూడా దాచను.

బల్ల మీద ప్రతి కుర్చీ ముందూ ఒక జిరాక్సు కాగితం. నా బొమ్మ.

"మేడమ్, మేం చెబితే వర్తకులు వాళ్లకోసం చెప్పుకుంటారంటారు" అన్నాడు ప్రెసిడెంటు. "పేపరువాళ్లే వేశారు చూడండి. ఏం మేస్త్రీ, పెద్దోడివి, నువ్వు చెప్పు. ఇట్టాంటి టైములో మీరు కూలి కూలి అంటే ధర ఇట్టాగే కదా పైకి పోయేది? యుద్ధం అయ్యేదాకా ఓర్చుకోవాలి మరి. పాత రేటుకి సంతకం పెట్టెయ్యండి."

చెయ్యి చాచి జిరాక్సుని మేస్త్రీ వైపు జరిపాడు. మేస్త్రీ దాన్ని చాలాసేపు చూశాడు. అక్షరాల జోలికి పోలేదు, బొమ్మనే చూశాడు. గోడౌన్లో పేర్చిన టిన్నుల్ని చూసినట్టు కిందినుంచి పైకి చూశాడు.

"మేడమ్‌గారూ, ఒక మాట చెప్పమంటారాండి?"

"చెప్పండి" అంది ఆఫీసరమ్మ.

"ఈ బొమ్మలో మావాడు టిన్ను ఎత్తట్లేదండి."

వర్తకుల్లో ఒకాయన, "మరి ముద్దెట్టుకుంటున్నాడా?" అన్నాడు. నవ్వులు.

మేస్త్రీ నవ్వలేదు. "బరువెత్తేవాడి మెడ లోపలికి పోద్దండి. మోకాళ్లు వంగుతాయి. పాదం మొత్తం నేలకి ఆనుద్ది. ఈడు మునివేళ్ల మీద నిలబడ్డాడు. మునివేళ్ల మీద నిలబడి టిన్నెత్తితే నడుం ఇరుగుద్ది. ఈడు ఎత్తట్లేదు, అందుకుంటన్నాడు." వేలు తాడు మీదికి జరిపాడు. "ఇదుగో, ఈ తాడు చూడండి. బిగదీసి ఉంది. లాగేవాడు లేకుండా తాడు బిగుసుకోదండి, వేలాడుద్ది. నలభై ఏళ్లబట్టి తాళ్లతోనే కదండి మా బతుకు. గిలక మీంచి ఇటొచ్చింది, ఇక్కడిదాకా వచ్చింది. ఆ అవతలి కొస ఏదండి?"

"అక్కడ కాగితం అయిపోయిందయ్యా!" అన్నాడు ప్రెసిడెంటు. మళ్లీ నవ్వులు. ఆయన చెయ్యి ఇంకా ఆ కాగితం మీదే ఉంది. కుడి అంచున, తాడు తెగిపోయిన చోట, రెండు ఉంగరాలతో. నేను గీసిన చోటే ఉంది. అంతమందిలో ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

మేస్త్రీ తలతిప్పి నన్ను చూశాడు. "గీసినాయన ఇక్కడే ఉన్నాడుగా. ఆయన్నే అడుగుదాం. సార్, తాడు అవతల ఎవరున్నారండి?"

హాలంతా నావైపు తిరిగింది. ఒక్క మాట చాలు. ‘చెయ్యి ఉందండి, కోసేశారు’ అంటే చాలు. ఆ క్షణంలో నా బుర్రలో ఏం తిరిగిందో నిజం చెబుతున్నాను. మూడు నెలల్లోపే రిటైర్‌మెంటు. గ్రాట్యుటీ కాగితాల మీద ఇన్‌ఛార్జి సంతకం పెట్టాలి. ఉగాది యాడ్. అన్నీ తక్కెడలో వేసి తూచాను. తూచడం మా ఇంటి విద్య.

"స్థలం చాల్లేదు" అన్నాను.

మేస్త్రీ నావైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. "మా నెత్తిమీద టిన్నుకి చాలిందిగా సార్" అన్నాడు. అంతే. మళ్లీ బల్లవైపు తిరిగిపోయాడు.

ఆఫీసరమ్మ మాత్రం నా అంత తెలివైనది కాదు కాబట్టి సూటిగా అడిగింది. జిరాక్సు తిరగేసి పెట్టి, "ఈ బొమ్మ అలా ఉంచండి. ఇప్పుడు గోడౌన్లో ఉన్న సరుకు ఎప్పుడు దించింది?" అంది. ప్రెసిడెంటు, గుమాస్తాని కనుక్కోవాలన్నాడు. మేస్త్రీ, "క్రిస్మస్ అయిన వారానికండి. మేమే దింపాం" అన్నాడు. గుమాస్తా ఆ రోజంతా ఫోన్ ఎత్తలేదు. చర్చలు తెగలేదు. సంతకాలూ కాలేదు.

మర్నాటినుంచి ముఠా టిన్ను ముట్టలేదు. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ కూలి లేదు. ఐదో రోజు ఒప్పందం కుదిరింది. అడిగినదాంట్లో సగం పెరిగింది, కానీ మూడేళ్లకి కాదు, ఒక్క ఏడాదికే. మళ్లీ అడగొచ్చు. పరవాలేదంటారా? ఆ హాల్లో నేను నోరు తెరిచి ఉంటే ఆ నాలుగు రోజుల పస్తు తప్పేదేమో. తప్పేదో తప్పేది కాదో ఇప్పుడెవరు చెప్పగలరు! చెప్పగలిగే అవకాశాన్ని నేనే అమ్ముకున్నాను. నూనె ధర అంటారా, యుద్ధం పాతబడ్డాక తగ్గిందన్నారు. మా వీధి కొట్లో తగ్గడానికి మాత్రం అది చాలా సంయమనం పాటించింది.

ఇక్కడ మీరు నాకోసం ఒక సాకు వెతకొద్దు. తాడు మిగిల్చింది మీరే కదండీ, దానివల్లే కదా ఆయన పట్టుకోగలిగాడు అని ఈమధ్య ఒక కుర్రాడన్నాడు. తాడు నేను కొసరుగా తెచ్చుకున్నది. అది దేనికి పనికొస్తుందో నాకు తెలియదు. తెలిసినవాడు చదివాడు. చెయ్యి కోసినవాడి మీద నాకు కోపముంది, యాడ్ ఇచ్చినవాడి మీద ఉంది, మైకు పట్టుకుని సంయమనం అన్నవాడి మీద ఇంకా ఉంది. కానీ వాళ్లెవరూ నా నోరు నొక్కలేదు. కాఫీ ఇచ్చారంతే.

రిటైరయ్యాక ఆ బొమ్మని మళ్లీ గీశాను. నిలువెత్తు అట్ట మీద, షట్టరుతో, చేతితో, ఉంగరాలతో. ఈసారి దిష్టిబొమ్మ లేదు. రేపల్లె రైల్లో దాన్ని పట్టుకుని నిలబడితే టికెట్ కలెక్టరు దీనిక్కూడా టికెట్ కొట్టాలేమో అన్నాడు. గోడౌన్ల పక్కన ముఠా షెడ్డులో మేస్త్రీ ఉన్నాడు. బరువులు మానేశాడు, లెక్క చూస్తున్నాడు. అట్టని గోడకి ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు.

"పట్టు తప్పుగా ఉందండి" అన్నాడు. "తాడుని ఇట్టా పట్టుకుంటే జారిపోద్ది." మళ్లీ కాసేపు చూసి, "ఉండనివ్వండిలే. ఆయన ఏనాడన్నా తాడు పట్టుకున్నాడా పాడా. ఆయన పట్టు ఇట్టాగే ఉంటది" అన్నాడు. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

"ఎంతండి?"

"ఛ, అదేంటి మేస్త్రీగారూ. ఊరికే మీకోసమే తెచ్చాను."

"వద్దండి. ఊరికే వచ్చినదాన్ని ఎవడైనా కోసేస్తాడు. రేటు చెప్పండి."

అలవాటు చొప్పున రెండింతలు చేసి చెప్పాను. ఆయన తగ్గించలేదు, వాదించలేదు. చొక్కా జేబులోంచి కొన్ని నాణేలు తీసి, ఎంచి, నా అరచేతిలో పెట్టాడు. ఒక టిన్ను దింపితే వచ్చే కూలి. చూశాను. కొత్త ఒప్పందం ప్రకారం కూడా కాదు.

"ఇది పాత రేటు కదండీ" అన్నాను.

మేస్త్రీ ముఖంలో నవ్వు లేదు.

"యుద్ధం కదా సార్" అన్నాడు.

నాణేలు జేబులో వేసుకున్నాను. బేరమాడలేదు.